వాయిదాల కానుక

మా అన్నయ్య దేవసహాయానిది ఎముక లేని చెయ్యి. మెచ్చుకోవడానికి ఈ మాట అనడం లేదు. పెళ్ళికి కుట్టించిన కొత్త కోటుని వారం తిరక్కుండానే ఎవరికో తొడిగి వచ్చిన మనిషి ఆయన. మేక మొదటి ఈత పిల్లని చర్చికి ఇవ్వడం మా ఊళ్ళో చాలామంది చేసేదే. రెండో ఈత పిల్లని కూడా తోలుకెళ్ళి ఇచ్చింది మాత్రం మా అన్నయ్య ఒక్కడే. మా వదిన రాజకుమారి ఇంట్లోకి ఏ కొత్త వస్తువు వచ్చినా ముందు దాన్ని ఆయన కంటపడకుండా సర్దేది. తనని ఇంకా ఎవరూ అడగలేదు కాబట్టే ఆ ఇంట్లో మిగిలానని మా అందరి ముందూ అనేది. అన్నయ్య తల గోక్కుంటూ నవ్వేవాడు తప్ప ఆ నవ్వు వల్ల మారిందేమీ లేదు.

మాది కోడూరు దాటి హంసలదీవి వెళ్ళే దారిలో ఒక ఊరు. నేను ఆ ఊరి అంగన్‌వాడీ టీచర్ని, పేరు గ్రేసు. అన్నయ్య ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒక్క గోడే కాబట్టి ఆయన చేసే ఘనకార్యాలన్నీ చేపల పులుసు వాసనలాగా ముందు మా ఇంటికే వస్తాయి.

అన్నయ్యకి ఒక ట్రాలీ ఆటో ఉంది. అవనిగడ్డ ఐసు ఫ్యాక్టరీ నుంచి రొయ్యల చెరువులకి ఐసు తోలతాడు. రొయ్యలు పట్టిన రోజు వాటిని బందరు షెడ్లకి చేరుస్తాడు. ఏళ్ళ తరబడి బటన్ల ఫోనుతోనే నెట్టుకొచ్చాడు. ఆమధ్య ఫ్యాక్టరీ వాళ్ళు డ్రైవర్లందరినీ ఒక వాట్సాప్ గ్రూపులో వేశారు. ఏ చెరువుకి ఎన్ని దిమ్మలు వెళ్ళాలో తెల్లవారుజామునే అందులో పెడతారు, చెరువు ఎక్కడుందో లొకేషన్ కూడా పెడతారు. ముందు ఎవరు ఓకే అంటే ట్రిప్పు వాళ్ళది. మా అన్నయ్య ఫ్యాక్టరీకి వెళ్ళేసరికి ట్రిప్పులన్నీ అయిపోయేవి. ఖాళీ ఆటో వేసుకుని తిరిగొచ్చి, మా గుమ్మంలో కూర్చుని, రోజులు మారిపోయాయని ఉపన్యాసం ఇచ్చేవాడు. రోజులు ఎప్పుడో మారాయి, మారనిది నీ ఫోనే అని నేను అంటించేదాన్ని.

చివరికి వాళ్ళబ్బాయి కిరణ్ కల్పించుకున్నాడు. వాడు గుడివాడలో ఒక కార్ల షోరూములో పనిచేస్తాడు. సెప్టెంబరులో సెలవు పెట్టి వచ్చి, తండ్రిని బందరు తీసుకెళ్ళాడు. దారిలో ఎవరికి ఏం ఇచ్చేస్తాడో అన్న భయంతో నేను కూడా బయల్దేరాను.

కోనేరు సెంటరు దగ్గర ఒక ఫోన్ల షాపు. అందులో లోన్ల కౌంటరు చూసేది సుహైల్. బందరు కుర్రాడే, పెళ్ళయి ఇద్దరు పిల్లలు, మాటలో మర్యాద ఉన్నవాడు. కొంత ఇప్పుడు కట్టి, మిగిలింది ఏడాది పాటు నెలనెలా కడితే చాలని చెప్పాడు. ఆ నెలవారీ డబ్బు కూడా మనం తెచ్చి ఇవ్వక్కర్లేదు, బ్యాంకు అకౌంట్లోంచి దానంతటదే పోతుందన్నాడు. ఆధార్ కార్డు చూశాడు, వేలిముద్ర తీసుకున్నాడు. ఆటో లోను ఒక్క నెల కూడా తప్పకుండా కట్టిన పేరుంది కాబట్టి అన్నయ్యకి చిటికెలో మంజూరైంది. కొత్త ఫోను చేత్తో పట్టుకుని ఫొటో దిగాలంటే, అన్నయ్య దువ్వెన అడిగి తీసుకుని, తల దువ్వుకుని మరీ నిలబడ్డాడు.

వాయిదాలంటే మాకు తెలియనివేమీ కావు. మా చిన్నప్పుడు శనివారం శనివారం సైకిలు మీద చీరలాయన వచ్చేవాడు. చీర ఒకసారి కట్టుకున్నాక అది మనదే. డబ్బు అందకపోతే ఆయన అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు అడిగేవాడు, వర్షాల గురించి మాట్లాడేవాడు, అంతేగానీ కట్టుకున్న చీర విప్పమనేవాడు కాదు. అన్నయ్య మనసులో వాయిదా అంటే అదే.

సుహైల్ మాత్రం దాచకుండా చెప్పాడు.

"ఇది అలాంటిది కాదు బాబాయ్. ఫోను లోపల కంపెనీవాళ్ళ తాళం ఉంటుంది. కంటికి కనపడదు. నెల తప్పితే వాళ్ళు అక్కడ కూర్చునే వేసేస్తారు."

తాళం వాళ్ళ దగ్గర, ఫోను తన దగ్గర, ఇదేదో బాగానే ఉందని అన్నయ్య పెద్దగా నవ్వాడు. కౌంటరు దగ్గరున్న వాళ్ళంతా కూడా నవ్వారు. ఫోనుని ఐసు బిల్లులు పెట్టుకునే ప్లాస్టిక్ కవరులో భద్రంగా చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

ఆ కవరే ఆయన ప్రాణం కాపాడింది. నవంబరులో వాయుగుండం పట్టి రోజుల తరబడి వాన కురిసింది. అన్నయ్య ఒక మధ్యాహ్నం ఐసు దింపేసి డ్రెయిను కాలవ గట్టు మీదుగా వస్తున్నాడు. ఎదురుగా గేదె వచ్చింది. గేదెని తప్పించబోతే బండి గట్టు జారి డ్రెయినులో పడింది. కుడికాలు బండి కింద ఇరుక్కుంది. నీళ్ళు ఛాతీ దాకా వచ్చాయి, ఇంకా పెరుగుతున్నాయి. అరిస్తే వినే మనిషి ఆ దరిదాపుల్లో లేడు. జేబులోంచి కవరు తీసి, కవరు మీద నుంచే వేలితో నొక్కి, ఐసు గ్రూపులో లొకేషన్ పెట్టాడు. కింద ఒక వాయిస్ మెసేజ్ పెట్టాడు. పడిపోయాను, కాలు రావడం లేదు అని సగం, ప్రభువా అని సగం.

ట్రిప్పుల కోసం రోజూ కొట్టుకు చచ్చే డ్రైవర్లు ఆ రోజు ఒకరి వెనక ఒకరు ఓకే, ఓకే అని పెట్టి, ఎక్కడి బండ్లు అక్కడ తిప్పుకుని వచ్చారు. తాళ్ళు వేసి బండి లేపారు. కాలు విరిగింది గానీ మనిషి దక్కాడు. ఆసుపత్రిలో అన్నయ్యని చూసినప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. ఎంత తిట్టినా ఆయన లేని గోడ అవతల నేనేం వింటూ బతకను.

కాలి కట్టు విప్పాక, చేతికర్రతో నడిచే రోజుల్లో, మా చర్చిలో కోత పండగ వచ్చింది. కోతలయ్యాక ఎవరి పంటలో మొదటి భాగం వాళ్ళు దేవుడికి తెచ్చే పండగ అది. వరి కంకులు, గుమ్మడికాయలు, అరటి గెలలు, కోళ్ళు, కొబ్బరికాయలు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. పాస్టరు గారు ప్రార్థన చేస్తారు. ఆరాధన అయ్యాక అన్నిటినీ బయట వేపచెట్టు కింద వేలం వేస్తారు. ఆ వేలానికీ బజారు ధరకీ సంబంధం ఉండదు. ఒక గుమ్మడికాయ మేకపిల్ల ధర పలుకుతుంది. పాడినవాళ్ళు దాన్ని ఇంటికి తీసుకెళ్ళి పులుసు పెట్టుకుని అందరికీ చెప్పుకుంటారు. ఒకసారి అక్కడ పెట్టినదాన్ని ఇచ్చినవాడు మళ్ళీ ముట్టుకోడు. అది మా సంఘంలో తాతల నాటి కట్టుబాటు.

ఆ రోజు అన్నయ్య సాక్ష్యం చెప్పడానికి లేచాడు. డ్రెయిను, గేదె, నీళ్ళు, కవరు, అన్నీ చెప్పాడు. మాటమాటకీ జనం స్తోత్రం అంటున్నారు. చెప్తూ చెప్తూ జేబులోంచి ఫోను తీసి దాని వంక చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. రెండో మేకపిల్ల వంక కూడా అలాగే చూశాడు. పక్కన వదిన నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నన్ను బతికించింది దేవుడు. దీని చేత బతికించాడు. ఇది ఆయనదే" అని, కుంటుకుంటూ వెళ్ళి, ఫోనుని గుమ్మడికాయల పక్కన పెట్టేశాడు.

చర్చి అంతా కళ్ళు తుడుచుకుంది. వదిన, నేను కూడా తుడుచుకున్నాం, కారణం వేరు. పాస్టరు గారు చెయ్యి చాపి ప్రార్థన చేశారు. ఇంక దానికి తిరుగు లేదు. అక్కడున్న అంతమందిలో ఒక్కరికి కూడా ఆ ఫోను వాయిదాలు సగం కూడా తీరలేదన్న సంగతి తట్టలేదు. వదినకి తట్టలేదు, నాకు తట్టలేదు, ఇచ్చినాయనకి అసలే తట్టలేదు. నెలనెలా చేత్తో లెక్కపెట్టి ఇచ్చే డబ్బయితే గుర్తుండేది. బ్యాంకులోంచి దానంతటదే పోయే డబ్బు ఎవరికి గుర్తుంటుంది.

వేలం పాడేది మా సంఘం కోశాధికారి మార్కు గారు. ఫోను ఎత్తి చూపించగానే నలుగురైదుగురు పాడారు. వాళ్ళలో సుమలత ఒకతె.

సుమలత మా సంఘంలోనే పెరిగిన పిల్ల. భర్త పోయాడు, కూతురు ఏంజెల్ పదో తరగతి చదువుతోంది. సుమలత రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్తుంది. షెడ్డు వ్యాను రేపు ఏ వేళకి ఏ మలుపు దగ్గర ఆగుతుందో మేస్త్రీ ఫోనులోనే పెడతాడు. ఆమె పాత ఫోను పాడయ్యాక పక్కింటి వాళ్ళని అడిగి తెలుసుకునేది. వాళ్ళు మర్చిపోయిన రోజు పని పోయేది. వాయిదాల మీద కొందామని రెండు మూడు షాపులు తిరిగింది. జీతం చీటీ లేదు, బ్యాంకులో కదలిక లేదు, మీ పేరు మీద రాదన్నారు. అందుకని ఆమెకి ఏ వస్తువైనా మొత్తం డబ్బు చేతిలో పోగయ్యాకే. ఆ రోజు కొంగు ముడిలో ఆ డబ్బుతోనే వచ్చింది. ఆమె పాట పెంచుతున్నప్పుడు ముఖం చూసి మిగతావాళ్ళు ఒక్కొక్కరే తగ్గారు. మార్కు గారు మూడుసార్లు అని ఫోను ఆమె చేతిలో పెట్టారు. ఆ డబ్బు చర్చి కప్పు బాగుచేతకి వెళ్ళింది.

అన్నయ్య పాత బటన్ల ఫోను మళ్ళీ బయటికి తీసి, తన సిమ్ము అందులో వేసుకున్నాడు. ఆటో బాగుచేయించడానికి అకౌంట్లో ఉన్నదంతా ఊడ్చి మెకానిక్‌కి ఇచ్చాడు. ఆ తర్వాత రోజూ ఆయనకి ఎవరో ఆడపిల్ల ఫోను చేసి హిందీలో మాట్లాడేది. అన్నయ్య ఓపిగ్గా విని, రాంగ్ నంబరమ్మా, దేవుడు నిన్ను దీవించుగాక అని పెట్టేసేవాడు. బ్యాంకు నుంచి ఇంగ్లీషులో మెసేజీలు వచ్చేవి. వాటిని నిండిపోయాయని చెరిపేసేవాడు.

మార్చిలో ఒక ఉదయం నేను అంగన్‌వాడీలో పిల్లలకి గుడ్లు పెడుతుండగా సుమలత వచ్చింది. ఆ వేళకి ఆమె షెడ్డులో ఉండాలి. కొంగు చాటు నుంచి చేతిరుమాలులో చుట్టిన ఫోను తీసి నాకు చూపించింది. అద్దం నిండా ఎర్రగా, తెలుగులో ఉంది. దేవసహాయం గారూ, మీ వాయిదా బకాయి ఉంది, చెల్లించిన వెంటనే ఫోను తెరుచుకుంటుంది. ఎక్కడ నొక్కినా అదే.

ముందురోజు సాయంత్రం నుంచి అలాగే ఉందట. వ్యాను కబురు తెలియక పని పోయింది.

"ఇందులో మావయ్య పేరుంది పిన్నీ. అందుకని ఎవరికీ చూపించలేదు" అంది.

తన డబ్బు మొత్తం పోసి కొనుక్కున్న ఫోను మూసుకుపోతే, ఆ పిల్ల ముందు కాపాడుకున్నది మా అన్నయ్య పరువుని. పిల్లల్ని ఆయమ్మకి అప్పగించి, సుమలతని వెంటబెట్టుకుని అన్నయ్య ఇంటికి వెళ్ళాను.

అన్నయ్య కళ్ళజోడు పెట్టుకుని, సుమలత చేతిలో ఉండగానే, కూడబలుక్కుంటూ మొత్తం చదివాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు. మంచం మీద కూర్చుండిపోయాడు.

"నాది కానిది ఇచ్చాను గ్రేసూ. అంతమందిలో నిలబడి దేవుడికి అబద్ధం ఇచ్చాను" అన్నాడు.

నేను తిట్టడానికే వెళ్ళాను. ఆ ముఖం చూశాక తిట్టలేకపోయాను.

సాయంత్రానికల్లా సలహాలు మొదలయ్యాయి. కిరణ్ గుడివాడ నుంచి ఫోను చేసి, తనకి తెలిసిన రిపేరు చేసేవాడు ఉన్నాడు, ఫోను పంపిస్తే కూర్చున్న పళాన ఆ తాళం పీకేస్తాడన్నాడు. దేవుడికిచ్చిన దానికి దొంగ తాళంచెవి వేయిస్తావా అని అన్నయ్య పెట్టేశాడు. మార్కు గారికి సంగతి తెలిసి ఇంటికి వచ్చారు. ఆయన మంచి దారే చూపించారు. సుమలత డబ్బు సంఘం వెనక్కి ఇచ్చేస్తుంది, అన్నయ్య తన ఫోను తను తీసుకుని వాయిదాలు తను కట్టుకుంటాడు, పొరపాటు జరిగిందని అందరం అనుకుంటాం, అక్కడితో సరి. వదిన సరేనంది. నేను సరేనన్నాను. సుమలత కూడా తలూపింది.

అన్నయ్య ఒప్పుకోలేదు. వెనక్కి తీసుకుంటే ఆ రోజు చెప్పిన సాక్ష్యం అబద్ధమైపోతుంది, తీసుకోకుండా ఊరుకుంటే ఇచ్చిన కానుక అబద్ధమైపోతుంది, కట్టి తీరడం ఒక్కటే మిగిలింది అన్నాడు. ఆయన చేతిలో ఉండని ఫోనుకి ఇంకా నెలల తరబడి డబ్బు కట్టడం, ఫోను లేక ట్రిప్పులు పోగొట్టుకోవడం, రెండూ ఎలా కుదురుతాయని నేను గట్టిగా అడిగాను. ఇది భక్తి కాదు, పంతం అని కూడా అనేశాను. మార్కు గారు టోపీ తీసుకుని వెళ్ళిపోయారు. వదిన లోపలికి వెళ్ళి తన చీటీ డబ్బు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆమె ఏమీ అనలేదు. నా అరుపుల కంటే ఆ ఊరుకోవడమే ఆయనకి ఎక్కువ తగిలింది.

మర్నాడు అన్నయ్య, సుమలత, నేను బందరు వెళ్ళాం. అన్నయ్య సుహైల్‌కి జరిగిందంతా దాచకుండా చెప్పాడు. ఫోనుని ఆ అమ్మాయి పేరుకి మార్చి, వాయిదాలు మాత్రం తన దగ్గర తీసుకునే వీలుందా అని అడిగాడు. సుహైల్ లోన్లలో చాలా వింతలు చూసి ఉంటాడు గానీ ఇది విన్నాక పెన్ను కింద పెట్టేశాడు.

"కంపెనీకి మీ పేరే తెలుసు బాబాయ్. మీరు దాన్ని మనిషికిచ్చారా, దేవుడికిచ్చారా అన్నది వాళ్ళకి అక్కర్లేదు" అన్నాడు.

జరిమానాలో కొంత తగ్గించమని తనే పైవాళ్ళతో మాట్లాడాడు. వాళ్ళు తగ్గించలేదు. తప్పిన వాయిదాలు కట్టేశాక, షాపు మెట్ల మీద కూర్చున్న మాకు టీ తెప్పించాడు. టీ తాగుతుండగానే సుమలత చేతిలో ఎరుపు పోయి ఏంజెల్ ఫొటో కనిపించింది. ఆ పిల్ల ఫోనుని గుండెలకి ఆనించుకుని ఏడ్చింది.

అన్నయ్య ఆ రోజే ఇంకో మాట చెప్పాడు. ఇక నుంచి వాయిదా బ్యాంకులోంచి కోసుకునేదాకా ఆగనని, ముందే వచ్చి కౌంటర్లో చేత్తో కడతానని. అంత కష్టం దేనికని సుహైల్ అంటే, దానంతటదే పోతే తను ఇచ్చినట్టు ఉండదన్నాడు.

వేసవి చాలా కష్టంగా గడిచింది. అన్నయ్య ఎవరికంటే ముందే లేచి అవనిగడ్డ వెళ్ళి ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడేవాడు. గ్రూపులో ఎవరూ ఓకే అనని దూరం చెరువులు, గతుకుల దారులు ఆయనకి మిగిలేవి. ఒక్కోరోజు అవి కూడా మిగిలేవి కావు. విరిగిన కాలు సాయంత్రానికి వాచేది. కిరణ్ తన డబ్బుతో కొత్త ఫోను కొనిస్తానన్నాడు. ఇచ్చినదాని బాకీ తీరకుండా ఇంకొకటి చేత్తో పట్టుకోలేనన్నాడు ఆ తండ్రి. గోడ అవతల వదిన పొయ్యి మీద కూర రెండు పూటలకీ ఒక్కసారే ఉడకడం మొదలైంది. నేను అప్పుడప్పుడూ ఒక గిన్నె అటు పంపేదాన్ని. పంపినప్పుడల్లా పంతం మనిషి అని గోడ మీద నుంచి వినపడేలా అనేదాన్ని కూడా.

వాయిదా తేదీ దగ్గర పడిందంటే ముందు తెలిసేది సుమలతకి. దేవసహాయం గారూ అంటూ ఫోను ఆమెకే గుర్తుచేసేది. ఆ మాట తన నోటితో చెప్పడానికి ఆమె సిగ్గుతో ఎంత చచ్చిపోయేదో. వ్యాను ఎక్కే ముందు గేటు దగ్గర ఆగి, తల వంచుకుని, మావయ్యా తేదీ వస్తోంది అని వెళ్ళిపోయేది. ఒకసారి తన కూలి డబ్బు తెచ్చి, ఈ నెల తను కడతానంది. అన్నయ్య ఆ డబ్బు ముట్టుకోలేదు.

"నువ్వు కొన్నదానికి నువ్వు మొత్తం కట్టేశావమ్మా. నేనిచ్చినదానికే నేనింకా కట్టాలి" అన్నాడు.

ఆమె డబ్బు కొంగున కట్టుకుని వెళ్ళిపోయింది. ఆ వారమే ఒకరోజు షెడ్డుకి సెలవు పెట్టి అవనిగడ్డ వెళ్ళింది. ఐసు ఫ్యాక్టరీ గుమాస్తా దగ్గర నిలబడి తన నంబరుని డ్రైవర్ల గ్రూపులో చేర్చమంది. నీకు ఆటో ఉందా అని ఆయన నవ్వాడట. ఆటో మావయ్యకి ఉంది, ఫోను నాకుంది అందట.

ఆ మర్నాడు తెల్లవారుజామున అన్నయ్య బటన్ల ఫోను మోగింది. నాగాయలంక వైపు చెరువుకి ఐసు వెళ్ళాలట మావయ్యా, నేను ఓకే పెట్టేశాను, మీరు బండి తియ్యండి అని సుమలత గొంతు. వ్యాను కోసం ఎలాగూ ఆమె ఆ వేళకి లేచే ఉంటుంది. డబ్బయితే కాదనేవాడే గానీ, పెట్టేసిన ఓకేని మా అన్నయ్య ఎలా కాదంటాడు. బండి తీశాడు. అప్పటి నుంచి అదే వరస. ఆడమనిషి ఓకే పెడుతోందని డ్రైవర్లు కొన్నాళ్ళు ఏడిపించారు. దేవసహాయం కంటే సుమలతే తొందరగా ఓకే అంటోందని తెలిశాక వాళ్ళకి నవ్వు తగ్గింది. గోడ అవతల కూర మళ్ళీ రెండు పూటలా ఉడికింది. నేను పంతం అన్న మాట మానేశాను. ఆయనలో పంతం ఉందని ఇప్పటికీ నమ్ముతాను, కానీ దానికి ఆ పిల్ల ఒక దారి చూపించింది.

మళ్ళీ సెప్టెంబరు వచ్చింది. ఆఖరి వాయిదా కట్టడానికి ఈసారి వదిన కూడా బయల్దేరింది. లోపల ఉన్న తాళం తీసేయాలంటే ఫోను కూడా తెమ్మని సుహైల్ చెప్పడంతో సుమలత వచ్చింది. నలుగురం అన్నయ్య ట్రాలీ ఆటోలోనే వెళ్ళాం, ఆడవాళ్ళం ముగ్గురం వెనక ఐసు మీద కప్పే పరదా పట్టా పరుచుకుని కూర్చున్నాం.

అన్నయ్య డబ్బు కౌంటరు మీద పెట్టాడు. సుహైల్ జమ కట్టుకుని, సుమలత దగ్గర ఫోను తీసుకుని, కాసేపు ఏదేదో నొక్కాడు. కంపెనీ నుంచి జవాబు రావడానికి ఆలస్యమైంది. ఆ ఖాళీలో, అన్నయ్య పేరు ఇప్పుడు ఇంకా బాగుందని, కావాలంటే ముందు ఏమీ కట్టకుండానే కొత్త ఫోను వస్తుందని మొదలుపెట్టాడు. వ్యాపారం వ్యాపారమే. వదిన అతని వంక చూసిన చూపుకి ఆ మాట అక్కడే ఆపేశాడు.

జవాబు వచ్చింది. సుహైల్ తాళం తీసేసి, అద్దం తుడిచి, ఎవరి పేరు మీద లోనుందో వాళ్ళకే ఇవ్వాలన్న అలవాటు కొద్దీ ఫోనుని అన్నయ్య చేతిలో పెట్టాడు.

"అయిపోయింది బాబాయ్. ఇవాల్టితో ఇది పూర్తిగా మీ సొంతం."

కోత పండగ రోజున గుమ్మడికాయల పక్కన పెట్టాక అన్నయ్య ఆ ఫోనుని చేత్తో పట్టుకోవడం మళ్ళీ అప్పుడే. అంచు దగ్గర ఒక గీత ఉంది, డ్రెయినులో బండి పడ్డప్పుడు పడిన గీత. దాని మీద బొటనవేలు పెట్టి నిమిరాడు. వదిన నా మోచెయ్యి పట్టుకుంది.

అన్నయ్య చేతికర్ర కౌంటరుకి ఆనించి, సుమలత వైపు తిరిగి, రెండు చేతులతో ఫోను చాపాడు.

"పోయిన పండక్కి ఇచ్చానన్నానమ్మా. ఇవాళ ఇస్తున్నాను. తీసుకో."

సుమలత రెండు చేతులూ పట్టి తీసుకుంది. వదిన నా మోచెయ్యి వదిలేసి కళ్ళు తుడుచుకుంది.